కల్లంలో పడవ

మా మిరపకాయల కల్లంలో రెండేళ్ళపాటు ఒక పడవ ఉండేది. అద్దంకి నుంచి మా ఊరొచ్చే ఆటోవాళ్ళు "పడవ కల్లం దగ్గర ఆపమంటారా?" అని అడిగేవాళ్ళు. సముద్రం అక్కడికి యాభై కిలోమీటర్లు. కింద సిమెంటు దిమ్మెలు, పైన నీలం పట్టా, చుట్టూ ఎర్రగా ఆరబోసిన కాయ, మధ్యలో తెల్లటి పడవ. మొదట్లో పక్క ఊళ్ళవాళ్ళు పిల్లల్ని తీసుకొచ్చి చూపించేవాళ్ళు. తర్వాత దాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

అది ఎలా వచ్చిందో చెప్పడానికి నాకు పెద్దగా సిగ్గు లేదు. నడమంత్రపు సిరి వచ్చినవాడు చేసే పనులు ఊరూరా ఉంటాయి, జనం నవ్వి ఊరుకుంటారు. అది ఎలా పోయిందో చెప్పడానికే సిగ్గు. ఇంట్లో ఆ మాట ఎత్తితే ఇప్పటికీ లేచి బయటికి వెళ్ళిపోతాను. అందుకే ఇక్కడ రాస్తున్నాను. కాగితం ముందు నుంచి లేచి ఎక్కడికి పోతాను?

ముందు ఆ సిరి సంగతి. ఒక ఏడు మా వైపు మిరప తోటలకు నల్ల తామరపురుగు పడింది. పూతలో దూరి, పూతంతా రాల్చి, తోటలకు తోటలు పీకించేసింది. నా తోట కూడా పోయింది. కాకపోతే అంతకుముందు ఏడు పండిన కాయ నేను అమ్మలేదు. చెప్పిన రేటు నచ్చక, మూతి ముడుచుకుని, టిక్కీలన్నీ తీసుకెళ్ళి గుంటూరులో ఏసీలో పెట్టాను. కోల్డు స్టోరేజీని మేం ఏసీ అంటాం, కాయ తొక్కిన గోతాన్ని టిక్కీ అంటాం. మిగతావాళ్ళు కల్లాల మీదే అమ్ముకున్నారు. పురుగు పడి పంట లేకపోయేసరికి ఏసీలో ఉన్న పాత కాయ బంగారమైంది. ఊరంతా తలపట్టుకుని కూర్చున్న ఏడు నేనొక్కణ్ణే మీసం దువ్వుకుంటూ తిరిగాను.

"కాయ పండించడం ఎవడికైనా వచ్చురా. ఆగడం తెలియాలి" అని రచ్చబండ మీద కూర్చుని చెప్పేవాణ్ణి. తోట పోయిన మనిషి పక్కనే ఉన్నా చెప్పేవాణ్ణి. నిజానికి నేను ఆగింది తెలివితో కాదు, మొండితనంతో. పురుగు వస్తుందని నాకేమైనా కలొచ్చిందా? కానీ డబ్బు చేతిలో పడ్డాక మొండితనం కూడా తెలివిలాగే కనిపిస్తుంది. ఆ ఒక్క ఏడాదితో నా బుర్రలో ఒక సూత్రం దిగబడిపోయింది: ఏ వస్తువైనా సరే, రేటు లేనప్పుడు అమ్మేవాడు వెర్రివాడు, పెట్టి ఉంచినవాడు రాజు.

పడవ సంగతి మా బావమరిది చెప్పాడు. విశాఖపట్నంలో ఒక పెద్దమనిషి షికారు పడవ అమ్ముతున్నాడట. లోపల చిన్న గది, ఇద్దరు పడుకునే పరుపులు, చేతులు కడుక్కునే తొట్టి, వెనక పెద్ద ఇంజను. యాట్ అంటారట. కొన్న రేటులో సగానికంటే తక్కువకే ఇచ్చేస్తున్నాడని మా బావమరిది ఊగిపోయాడు. అంత మంచి పడవను అంత చవగ్గా ఎందుకు ఇస్తున్నాడని నేను అడగాలి కదా. కల్లంలో విత్తనానికి కాయ కొనేటప్పుడు గోతాం అడుగుకి చెయ్యి పెట్టి రంగు పోయిన తాలుకాయ ఉందేమో తీసి చూసేవాణ్ణి, పద్నాలుగు లక్షలు పెట్టి పడవ కొనేటప్పుడు పరుపు మీద చెయ్యేసి "మెత్తగా ఉందే" అన్నాను. అంతే నా పరీక్ష.

లారీ మీద ఎక్కించి తీసుకొస్తూ పెదకాకాని దగ్గర ఆపాం. మా వైపు కొత్త బండి ఏది కొన్నా అక్కడ పూజ చేయించనిదే ఇంటికి తీసుకుపోరు. పూజారి గారు లారీ చుట్టూ ఒకసారి తిరిగి, పైకి చూసి, గడ్డం గోక్కున్నారు.

"దీనికి చక్రాలు లేవు గదండీ. నిమ్మకాయలు ఎక్కడ పెట్టమంటారు?"

"లారీ చక్రాల కింద పెట్టండి స్వామీ. ఇప్పుడు దాన్ని మోసేది అదేగా" అన్నాను. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నాలుగు నిమ్మకాయలు తొక్కించి, గుమ్మడికాయ కొట్టించి బయల్దేరాం. మా ఆవిడ బడిపంతులమ్మ. పక్క ఊళ్ళో ప్రాథమిక పాఠశాలలో చెప్తుంది. నన్ను సూటిగా తిట్టదు, పిల్లల్ని సర్దినట్టు సర్దుతుంది.

"పూజంతా లారీకే పోయిందండీ. మనకి మిగిలింది గుమ్మడికాయ ముక్కలు" అంది.

బాపట్ల దిగువన ఒక కాలువ సముద్రంలో కలిసే చోట పడవను దింపాం. అక్కడే అతను తారసపడ్డాడు. పల్లెకారుల కుర్రాడు అనుకున్నాను గాని ముప్పై అయిదు దాటి ఉంటాయి. ఇద్దరు బిడ్డలు. తమ్ముడితో కలిసి చేపల పడవలో సగం వాటా ఉంది. మేం పడవ దింపలేక కిందామీదా పడుతుంటే ఎవరూ పిలవకుండానే నడుం లోతు నీళ్ళలోకి వచ్చి, తాడు అందుకుని, ఎవరెటు నెట్టాలో చెప్పి, పది నిమిషాల్లో దింపేశాడు. ఆ తర్వాత పడవ ఒళ్ళంతా అరచేత్తో తడిమి చూశాడు. నేను పరుపు తడిమిన సంగతి అప్పుడు గుర్తుకు రావాల్సింది, రాలేదు.

"మంచి పడవ సార్. కానీ దీనికి రోజూ మనిషి కావాలి" అన్నాడు.

"నువ్వే ఉండరాదూ?"

"నాకు వేట ఉంది గదా సార్. తమ్ముడితో వాటా."

"ఆ వాటా తమ్ముడికి ఇచ్చేయరా. ఎండలో వానలో ఎన్నాళ్ళు వల లాగుతావు? నెల జీతం ఇస్తాను. పైగా నన్ను సార్ అనకు, అన్నా అను. ఇది మన పడవ అనుకో."

మన పడవ అన్నాను. ఆ మాట నాకు ఏమీ ఖర్చు కాలేదు. అతను మాత్రం నెల తిరక్కుండా తమ్ముడికి వాటా రాసిచ్చేసి వచ్చాడు. వాటాకి తమ్ముడిచ్చిన డబ్బు పెళ్ళాం పేరున పోస్టాఫీసులో వేశాడు. నాతో మాట్లాడేటప్పుడు అన్నా అని పిలిచేవాడు, కాని గారు, అండీ మాత్రం వదల్లేదు. "అన్నా, ఇటు కూర్చోండి. అన్నా, తల జాగ్రత్తండీ."

మొదటి ఏడు బాగానే గడిచింది. నెలకు రెండు ఆదివారాలు సావాసగాళ్ళను తీసుకెళ్ళేవాణ్ణి. అతను నడుపుతుంటే నేను ముందు నిలబడి చల్లద్దాలు పెట్టుకుని ఫొటోలు దిగేవాణ్ణి. ఆ ఫొటోల్లో ఎక్కడా అతను లేడు. ఒక్కదాంట్లో మోచెయ్యి ఉంది.

పడవ కొనడం ఒక ఖర్చు అనుకున్నాను. అది ఖర్చుల ఇంటికి తలుపు మాత్రమేనని మెల్లగా తెలిసింది. ఉప్పునీళ్ళలో ఉంటే అడుగున గుల్ల పడుతుంది, ఆరు నెలలకోసారి ఒడ్డుకు లాగి గీకించి రంగు వేయాలి. ఇంజను చూడటానికి మెకానిక్కు చెన్నై నుంచి కారులో రావాలి, వచ్చిన దారికి పోయే దారికి మనమే ఇవ్వాలి. బీమా, లైసెన్సు, కట్టేసుకున్నందుకు అద్దె. వీటిలో ఏదీ తగ్గిన ఏడు లేదు. గంట తిరిగితే తాగే పెట్రోలు ఖర్చుతో నా ట్రాక్టరు రెండు రోజులు దున్నుతుంది. తా దూర కంత లేదు, మెడకొక డోలు అని మా ఊళ్ళో ముసలమ్మలు ఊరికే అనలేదు.

సరిగ్గా ఏడాదికి సముద్రం ఒడ్డున గదులు అద్దెకిచ్చే ఒకాయన పది లక్షలకు అడిగాడు. ఇవ్వాల్సింది. నాకు నా సూత్రం ఉంది కదా. మొదటి బేరానికే తెగనమ్మేవాడు రైతే కాదు. "చూద్దాంలెండి" అని మీసం మీద చెయ్యేశాను. ఆయన మూడు నెలలు చూసి, ఇంకో పడవ కొనుక్కున్నాడు.

ఆ తర్వాత మిరప రేటు పడిపోయింది. అప్పటికి అందరికీ పంట వచ్చింది, ఏసీలన్నీ నిండిపోయాయి. కోత కూలి పెరిగింది, మందుల ధర పెరిగింది, ఏసీ అద్దె పెరిగింది. కాలువ మొగలో అద్దె దండగని పడవను మళ్ళీ లారీ ఎక్కించి కల్లంలోకి తెచ్చి దిమ్మెల మీద పెట్టాను. రేటు వచ్చినప్పుడు అమ్ముదామని. కాయను ఏసీలో పెట్టినట్టు పడవను కల్లంలో పెట్టాను. ఇలాంటి తెలివితక్కువ పని మిరపకాయలవాడు తప్ప ఇంకెవడూ చెయ్యలేడు. చేపలు పట్టేవాడికి చెబితే ఏడుస్తాడు.

అతను ఏడవలేదు గాని ఏడ్చినంత పని చేశాడు. "అన్నా, పడవ నీళ్ళ మీదుంటేనే పడవ. ఒడ్డునుంటే ఎండకి పగిలిపోద్ది, ఇంజను బిగుసుకుపోద్ది."

"పట్టా కప్పుతాంగా" అన్నాను.

పడవ కల్లానికి వచ్చాక జీతం సగం చేశాను. పని లేదు కదా అన్నాను. తర్వాత అదీ రెండు మూడు నెలలకోసారి ఇచ్చేవాణ్ణి. అయినా పదిహేను రోజులకోసారి మొదటి బస్సుకు చీరాల మీదుగా వచ్చేవాడు. పట్టా తీసి, మిరప ధూళి కడిగి, దగ్గుకుంటూ తుమ్ముకుంటూ ఇంజను కాసేపు తిప్పి, మళ్ళీ పట్టా కప్పి వెళ్ళేవాడు. సంచిలో ఎప్పుడూ మా ఆవిడకు ఎండు నెత్తళ్ళ పొట్లం ఉండేది. మిగతా రోజుల్లో తమ్ముడి పడవలోనే కూలికి వెళ్తున్నాడని మా ఆవిడ చెప్పింది. ఒకప్పుడు సగం తనదే అయిన పడవలో. ఆ మాట విని కూడా నేను అన్నం మానలేదు.

దళారులకు ఫోన్లు చేస్తూనే ఉన్నాను. చేసినప్పుడల్లా రేటు ఒక మెట్టు దిగేది. విశాఖపట్నం దళారి ఒకడు చివరికి విసుక్కున్నాడు.

"పాత పడవలు ఎవరు కొంటారండీ? కొన్నవాళ్ళే సాకలేక అందరూ అమ్మకానికి పెట్టారు. మీది మూడేళ్ళ కిందటి రేటు చెప్తున్నారు. పైగా నీళ్ళలో లేదంటున్నారు."

నేను ఫోను పెట్టేసి, వాడికి వ్యాపారం తెలియదని మా ఆవిడతో అన్నాను.

ఇక నేను చెప్పలేక ఇంతసేపు తిప్పుతున్న చోటికి వచ్చాం. మాఘమాసం, కోతలు జోరు మీదున్నాయి. కల్లంలో పాతికమంది ఆడవాళ్ళు తాలుకాయ ఏరుతున్నారు. నా సావాసగాళ్ళు నలుగురు నులక మంచాల మీద కూర్చుని ఉన్నారు. అతను వచ్చి పడవ కడిగి, చేతులు తుడుచుకుని, నా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు ఆ రోజు. పడవ కడిగేటప్పుడు విప్పి కొమ్మకు తగిలించి, కడిగాక మళ్ళీ వేసుకున్నాడు. అది నేను చూశాను, ఎందుకో అడగలేదు.

"అన్నా, ఒక మాట. పడవ నాకియ్యండి. ఆరు లక్షలు ఇస్తాను. తమ్ముడిచ్చింది ఉంది, మా ఆవిడ గాజులు ఉన్నాయి, సొసైటీలో కొంత ఇస్తామన్నారు. ఇప్పుడైతే ఇంజను బాగు చేసుకోవచ్చు. బీచికి జనం బాగా వస్తన్నారు, ఆదివారాలు తిప్పుకుంటాను. మీ ఇంట్లోవాళ్ళు ఎప్పుడొచ్చినా మీ పడవే."

అది సరైన రేటు. అంతకంటే ఎక్కువే. ఇప్పుడు తెలుసనడం కాదు, అప్పుడూ తెలుసు. దళారులు అప్పటికే నాలుగు అంటున్నారు. కానీ నలుగురిలో అడిగాడు. నా జీతగాడు నన్ను పడవ అడిగాడు. నాకెక్కడో కాలింది. వెటకారం నోట్లోంచి దానంతట అదే వచ్చింది.

"ఏరా, నువ్వు ఓనరువైతే మరి నన్నెవడు తిప్పుతాడురా? నేను తెడ్డెయ్యాలా?"

మంచాల మీదవాళ్ళు విరగబడి నవ్వారు. ఏరుతున్న ఆడవాళ్ళలో కొందరు కొంగు అడ్డం పెట్టుకున్నారు. నేను ఆగలేదు. "ఆరు లక్షలకి చక్రాలు లేని పడవ కాదురా, చక్రాలున్న ఆటో వస్తుంది. పోయి కొనుక్కో."

మళ్ళీ నవ్వులు. ముఠా మేస్త్రి ఒక పెద్దావిడ, ఆదివారం ఆదివారం చర్చిలో ముందు వరుసలో కూర్చునే మనిషి, చేట కింద పెట్టి గట్టిగా అరిచింది. "ఎందుకు నవ్వుతన్నారే? ఆ అబ్బాయి అడిగినదాంట్లో నవ్వేదేముంది?" అంతా గప్‌చుప్ అయ్యారు. నాకు ఆవిడ మీద కోపం వచ్చింది.

అతను కూడా నవ్వాడు. నవ్వాలి కాబట్టి నవ్వాడు. "సరేనన్నా, ఆలోచించండి" అన్నాడు. సంచిలోంచి నెత్తళ్ళ పొట్లం తీసి మంచం మీద పెట్టి బస్సుకు వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం మా ఆవిడ అంది, "ఇచ్చేయండి. అంతకంటే ఎక్కువ రాదు, అంతకంటే మంచివాడు రాడు." రేటు రానీ అన్నాను. ఆవిడ పిల్లల నోటుపుస్తకాలు దిద్దుకోవడానికి లేచింది.

రేటు రాలేదు. ఎండాకాలం పట్టా చిరిగింది. వానాకాలం లోపలి పరుపుల్లో ఎలుకలు పిల్లలు పెట్టాయి, ఇంజను వైర్లు కొరికేశాయి. పడవ ఒంటి మీద వెంట్రుకంత సన్నగా పగుళ్ళు వచ్చాయి. అతను రావడం నెలకోసారైంది. అతను వచ్చిన రోజు నేను ఏదో పని పెట్టుకుని అద్దంకి వెళ్ళిపోయేవాణ్ణి. ఊళ్ళోవాళ్ళు "ఏరా, వాన గట్టిగా పడితే మమ్మల్నీ ఎక్కించుకుంటావా?" అని అడగడం కూడా మానేశారు. అప్పుడు నిజంగా భయమేసింది. మా ఊళ్ళో వెక్కిరింపు ఆగిందంటే జాలి మొదలైనట్టే.

చివరికి హైవే మీద ధాబా పెట్టిన ఒకాయన వచ్చాడు. ధాబా పెట్టకముందు ఎడ్ల దళారి. ధాబా ముందు పడవ పెడితే పిల్లలు ఎక్కుతారు, పిల్లలు ఎక్కితే కార్లు ఆగుతాయని ఆయన లెక్క. ఇంజను అక్కర్లేదన్నాడు. పాత అలవాటు పోలేదేమో, భుజం మీది తువ్వాలు తీసి నా చెయ్యి మీద కప్పాడు. ఎడ్ల సంతలో బేరం అలాగే చేస్తారు. తువ్వాలు కింద వేళ్ళు పట్టుకుని రేటు చెప్పుకుంటారు, పక్కనున్నవాడికి తెలియదు. నేను అయిదు వేళ్ళు పట్టుకున్నాను. ఆయన ఒకటి పట్టుకున్నాడు. చాలాసేపు నలిగాక రెండు వేళ్ళ దగ్గర ఆగాం. రెండు లక్షలు.

ఆ రెండు వేళ్ళూ ఆయన చేతిలో ఉండగానే నాకు అతను గుర్తొచ్చాడు. ఇదే రెండుకు అతనికి ఇవ్వొచ్చు. ఫోను జేబులోనే ఉంది. మిగిలే డబ్బుతో అతను ఇంజను మార్చుకుని, పగుళ్ళు అతికించుకుని, మళ్ళీ ఒకరి కింద కాకుండా బతికేవాడు. కానీ ఆరు అంటే నలుగురిలో నవ్విన నోటితో రెండుకు తీసుకోరా అని ఎలా అనను? అంటే నేను వెర్రివాణ్ణని నేనే దండోరా వేసుకున్నట్టు కదా. అతని బతుకు ఒక పక్క, నా మీసం ఒక పక్క. నేను మీసం వైపు ఉన్నాను. సరేనని ధాబా ఆయన వేళ్ళు నొక్కాను.

పడవను తీసుకెళ్ళే రోజు అతనికి కబురు చేశాను, తాళ్ళు సరిగ్గా కట్టడానికి. క్రేనువాడికి పడవ పట్టుకోవడం రాదు మరి. ఎంత సిగ్గులేనితనమో చూడండి. మొదటి బస్సుకే వచ్చాడు. తాళ్ళు కట్టేముందు బకెట్టు తెచ్చుకుని పడవంతా కడిగాడు. అమ్మేసిందే గదా, ఎందుకు కడగడం అన్నాను. ఇంకో బకెట్టు నీళ్ళు తెచ్చుకున్నాడు.

"యాడికి పోద్దన్నా?" అన్నాడు తాళ్ళు అందుకుంటూ.

"హైవే మీద హోటలుకి."

"నీళ్ళలో దించరా?"

"దించరు. పిల్లలు ఎక్కి ఆడుకుంటారు."

"పోనీలే, పిల్లలేగా" అన్నాడు. ముడి బిగించి, నా వైపు చూడకుండా అడిగాడు, "ఎంతకిచ్చారన్నా?"

తువ్వాలు కింద బేరం. ఊళ్ళో ఎవరికీ తెలియదు. "ఏడు" అన్నాను.

అతను చెయ్యి ఆపి నా వైపు చూశాడు. అతని మొహం వెలిగింది. అసూయ కాదు, బాధ కాదు, నిజంగా నాకు మేలు జరిగిందని సంతోషం. "ఏడా! మంచిది అన్నా. నేను ఆరే అన్నాను గదా. మీరు ఆగబట్టి ఇంకో లక్ష వచ్చింది. నాకిచ్చుంటే నష్టపోయేవాళ్ళు" అన్నాడు.

నేను తలూపాను.

మా ఆవిడ కల్లాన్ని ఆనుకున్న మా ఇంటి అరుగు మీద నిలబడి అంతా వింది. ఆవిడకు అసలు రేటు తెలుసు. అతనికి అన్నం పెట్టి, బస్సుకు పంపి, గిన్నెలు లోపలికి తీసుకెళ్తూ అంది, "ఓడ ఎక్కేదాకా ఓడ మల్లయ్య, ఓడ దిగాక బోడి మల్లయ్య. పిల్లలకు ఏటా చెప్తాను ఈ సామెత. అర్థం కాకపోతే ఇక మన ఇంటికి తీసుకొచ్చి చూపిస్తాను."

ఆవిడ నన్ను తిట్టడం పెళ్ళయ్యాక అదే మొదటిసారి.

ఏడాది గడిచింది. ఒకరోజు గుంటూరు యార్డు నుంచి వస్తూ ఆకలేసి ఆ ధాబా దగ్గర ఆగాను. ఆగకుండానే పోతుంటాను మామూలుగా, ఆ రోజు డ్రైవరు ఆపేశాడు. పడవకు ఎర్ర రంగు వేసి, మీద బల్బుల తోరణం కట్టారు. ఇద్దరు పిల్లలు లోపల గెంతుతున్నారు. ధాబా ఆయన పరుగెత్తుకుంటూ వచ్చి కుర్చీ వేశాడు.

"మీది చల్లని చెయ్యండీ. కార్లు ఆగుతన్నాయి. మీ మనిషి కూడా బాగా చూసుకునేవాడు."

"మా మనిషా?"

"అదేనండీ, సముద్రం వైపు నుంచి వచ్చే అబ్బాయి. నెలకోసారి వచ్చేవాడు. పగుళ్ళకి ఏదో పూసి, తుడిచి, పోయేవాడు. డబ్బులిస్తే తీసుకునేవాడు కాదు. మాది అనేవాడు. మాది ఏంటయ్యా, నేను కొంటినిగా అంటే నవ్వేవాడు."

నా చేతిలో రొట్టె ముక్క అలాగే ఉంది. "ఇప్పుడు రావట్లేదా?"

"సంక్రాంతి అయ్యాక ఒకసారి వచ్చాడు. టీ తాగుతా ఉండి, ఏడు లక్షలు పెట్టారంట గదా, రంగు మంచిది వేయించండి అన్నాడు. ఏడేందయ్యా, రెండుకి కొన్నా అన్నాను. తువ్వాలు కింద మాట బయటికి చెప్పకూడదు, నిజమే. ఇంటిమనిషే గదా అనుకున్నా."

"ఏమన్నాడు?"

"రెండా, అని ఒకసారి అడిగాడు. టీ గ్లాసు కడిగి పెట్టాడు. ఆ రోజు పడవ తుడవలేదు. మళ్ళీ రాలేదు."

రొట్టె వదిలేసి లేచాను. డబ్బులిచ్చానో లేదో గుర్తులేదు. ఇంటికి వెళ్ళాక ఫోను తీసి అతని పేరు దాకా వెళ్ళి ఆగిపోయాను. మర్నాడూ అంతే. అలా వారం చేశాక మా ఆవిడ, "ఫోనులో అడిగే క్షమాపణ కాదండీ అది" అంది. ఆ ఆదివారం ఒక్కణ్ణే బయల్దేరాను.

బీచి నిండా జనం. ఒడ్డున షికారు పడవలు నాలుగు ఉన్నాయి. అందులో ఒకదాని దగ్గర అతను కనిపించాడు. పడవ వేరే ఎవరిదో, ఒంటి మీద పసుపు చొక్కా వాళ్ళు ఇచ్చింది. ఎక్కేవాళ్ళకు లైఫ్ జాకెట్లు తొడుగుతున్నాడు. వరుసలో నిలబడ్డాను. నన్ను చూస్తే పక్కకు పిలుస్తాడని, అన్నా అంటాడని, నేను ఏదో చెప్తే అతను ఏదో అంటాడని దారంతా అనుకుంటూ వచ్చాను. తిడతాడేమోనని కూడా అనుకున్నాను. తిడితే బాగుండుననిపించింది.

నా వంతు వచ్చింది. తలెత్తి చూశాడు. గుర్తుపట్టాడు, కళ్ళలో తెలిసింది.

"టికెట్టు అక్కడ తీసుకోండి సార్" అన్నాడు.

వెళ్ళి టికెట్టు తీసుకున్నాను. వచ్చాక అందరికీ తొడిగినట్టే నాకూ జాకెట్టు తొడిగాడు. వేలితో సీటు చూపించాడు. అతను నడిపే ఇంజను దగ్గరి సీటే ఖాళీ ఉంది. పడవ ఒడ్డు వదిలి మొదటి అల దాటింది. పిల్లలు కేకలు వేస్తున్నారు. ఏరా అని పిలవడానికి నోరు రాలేదు, ఏమండీ అని పిలవడానికి మొహం చెల్లలేదు. పిలుపు లేకుండానే చెప్పాను.

"ఆ రోజు నీకు అబద్ధం చెప్పాను. ఏడు కాదు. నీకిచ్చి ఉండాల్సింది. నవ్వాను కూడా."

అతను సముద్రం వైపే చూస్తున్నాడు. ఇంజను చప్పుడులో వినపడలేదేమో అనుకుని మళ్ళీ మొదలుపెట్టబోయాను. అప్పుడు తల తిప్పాడు. కోపం లేదు. నా మీద నవ్వూ లేదు. రోజుకు వందమందిని ఎక్కించుకునే మనిషి వందోవాణ్ణి చూసినట్టు చూశాడు.

"బెల్టు బిగించుకోండి సార్. పెద్ద అల వస్తంది" అన్నాడు.

నేను బిగించుకున్నాను.